పెట్టెలోని పాటలు

సికింద్రాబాదులోని మారేడుపల్లి, పద్మారావునగరము, సీతాఫలమండి వంటి పేటలలో పాత యిండ్లు నానాటికి తగ్గిపోవుచున్నవి. పెంకుటిండ్లుండిన చోట అయిదంతస్తుల కట్టడములు లేచుచున్నవి. ఇల్లు పడగొట్టుటకు ముందు సామాను సర్దునప్పుడు అటకమీదనుండి గాని, మంచము క్రిందనుండి గాని ఒక బరువైన పెట్టె బయటపడుట కద్దు. మూత తీసినచో అందు కాగితపు సంచులలో నల్లని పళ్లెములు వరుసగా కనబడును. అవి తాతగారి గ్రామఫోను రికార్డులు.

వానిని ఏమి చేయవలెనను ప్రశ్న వెంటనే పుట్టును. ఇంటిలో మూడు పక్షములేర్పడును. కొందరు పాతసామాను వానికి తూకమునకు ఇచ్చివేయుమందురు. కొందరు అవి తాతగారి గుర్తులు కనుక పట్టుగుడ్డలో చుట్టి, బీరువాలో పెట్టి తాళము వేయవలెనందురు. మూడవ పక్షము సాధారణముగా బలహీనమైనది. ఒక ముసలి అమ్మమ్మయో, ఎనిమిదవ తరగతి చదువు పిల్లవాడో ఆ పక్షమున నుందురు. “సెలవునాడు ఒక్కసారి పెట్టి విందము” అనుట తప్ప వారికి వేరు వాదము లేదు.

ఈ మూడవ పక్షమే న్యాయమైనది. తూకమునకు అమ్మువారి తప్పు ఎవరికైనను తెలియును. దానిని గూర్చి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. తాళము వేయువారి తప్పు మాత్రము గౌరవము మాటున దాగియుండును. అందుచేత వారిని ఎవరును ఏమియు అనరు. కాని పాట పాడుటకై చేయబడిన వస్తువు ముప్పది యేండ్లు పాడకయే పడియున్నచో, అది బీరువాలో నున్నను చెత్తబండిలో నున్నను ఆ పాటకు భేదమేమి?

రికార్డు అననేమో కొంచెము తెలిసికొనినగాని ఈ తగవు బోధపడదు. మన దేశమున 1970 ప్రాంతము వరకును తయారైన పాతరకపు పళ్లెములలో ముఖ్యమైన పదార్థము లక్క. మోదుగ, రేగు మొదలగు చెట్ల కొమ్మలపై బ్రదుకు చిన్న పురుగులు ఆ లక్కను స్రవించును. హైదరాబాదు చార్మినారు ప్రక్కనున్న లాడ్‌బజారులో గాజులు చేయు లక్కయు, ఏటికొప్పాక బొమ్మలకు రంగుతో కలిపి పూయు లక్కయు, ఈ పళ్లెముల లక్కయు ఒకే జాతివి. దానితో మెత్తని రాతిపొడిని, నల్లని మసిని కలిపి, వేడిచేసి, అచ్చుల నడుమ నొక్కి పళ్లెము తీసెడివారు. అది చేతినుండి జారినచో కుండపెంకువలె పగులును. నిమిషమునకు 78 మారులు తిరుగును. పది అంగుళముల పళ్లెమున ఒక్కొక్క ప్రక్క సుమారు మూడు నిమిషముల పాట పట్టును.

పళ్లెముమీద వందలకొలది గీతలున్నట్లు తోచును గాని, నిజమునకు అంచునుండి నడిమివరకు చుట్టలు చుట్టుకొనిపోవు గాడి ఒక్కటే కలదు. గాయకుని గొంతు గాలిలో కలిగించిన కదలికయే ఆ గాడిలో వంకరలుగా నిలిచిపోయినది. ముల్లు ఆ వంకరల వెంట నడచినప్పుడు మరల అదే కదలిక పుట్టును. ఉక్కు ముల్లు వాడినచో ప్రతి ప్రక్కకును క్రొత్త ముల్లు పెట్టవలెను. పళ్లెములో కలిపిన రాతిపొడి ముల్లునే అరగదీయును. పళ్లెము నిలుచుటకై ముల్లు అరుగవలెనని ఆ యేర్పాటు.

అటుపిమ్మట 1948లో అమెరికాలో వినైలు అను ప్లాస్టిక్కుతో చేసిన పెద్ద రికార్డు వచ్చినది. అది నిమిషమునకు 33⅓ మారులు తిరుగుచు ఒక్కొక్క ప్రక్క ఇరువది నిమిషములకు పైగా పాడును. మరుసటి సంవత్సరమే 45 మారులు తిరుగు చిన్న రికార్డు వచ్చినది. వినైలు పగులదు, కాని గీతలు పడును, ఎండకు వంగును. మన యిండ్లలోని పెట్టెలలో ఈ మూడు రకములును కలగలిసి యుండుట సామాన్యము.

మన దేశమున ఈ పని ఆరంభమైనది 1902లో. గైస్‌బర్గ్ అను నిపుణుడు ఆ సంవత్సరము కలకత్తాకు వచ్చి నవంబరు నెలలో గౌహర్‌జాన్ మొదలగువారి గానమును పట్టినాడు. అప్పటికి మైక్రోఫోనుతో రికార్డు చేయు పద్ధతి లేదు. అది 1925 నాటిది. గాయకులు ఒక పెద్ద బూరలోనికి ముఖము పెట్టి గట్టిగా పాడవలసియుండెను. ఆ ముద్రలను జర్మనీలోని హానోవరు నగరమునకు పంపి, అచ్చట పళ్లెములు చేయించి మరల ఓడలో తెప్పించెడివారు. పళ్లెము చేయువారికి పాడినది ఎవరో తెలియుటకై గౌహర్‌జాన్ పాట చివర తన పేరు తానే చెప్పుకొనెడిది. మన దేశమునందే కలకత్తాలో పళ్లెముల కర్మాగారము 1908లో వెలసినది.

తెలుగువారికి గ్రామఫోను సభామర్యాదలు నేర్పినది కాదు. అంతకుముందే పద్యనాటకము వారికి చెవి నిచ్చినది. రాత్రి తెల్లవార్లు జరుగు నాటకములో నటుడు ఒక్క పద్యమునకు పదినిమిషములు రాగము తీయును. ప్రేక్షకులు “వన్సుమోర్” అనినచో మరల పదినిమిషములు. అట్టివాడు గ్రామఫోను ఎదుట నిలిచినప్పుడు మూడే నిమిషములు! ఏ సంగతి వదలవలెను, ఏది ఉంచవలెను? ఆ యిరుకునందు పాడినవారిలో కపిలవాయి రామనాథశాస్త్రి ఒకరు. ఆయనను రంగస్థలముపై చూడని పల్లెలకు కూడ ఆయన గొంతు పళ్లెములమీద పోయినది. స్త్రీపాత్రలకు పేరువడిన స్థానం నరసింహారావు గొంతును, హరిశ్చంద్ర పాత్రకు పేరువడిన డి. వి. సుబ్బారావు గొంతును ఇట్లే ఇంటింటికి చేరినవి. ఆ నటులు గతించిరి. ఆ నాటక సమాజములు గతించినవి. వారి వేషము ఛాయాచిత్రములలో కనబడును గాని గొంతు వినవలెననిన ఆ లక్కపళ్లెములే దిక్కు.

నాటకములతోనే ఆగలేదు. శంకరంబాడి సుందరాచారి రచించిన ‘మా తెలుగు తల్లికి’ అను గీతమును బడిపిల్లలందరు ఎరుగుదురు. అది ఒక చలనచిత్రమునకై వ్రాయబడియు అందు చేరక, టంగుటూరి సూర్యకుమారి పాడిన రికార్డువలననే లోకమునకు తెలిసినది. జంధ్యాల పాపయ్యశాస్త్రి ‘పుష్పవిలాపము’ను పుస్తకమున చదివినవారికంటె ఘంటసాల గొంతున విన్నవారే ఎక్కువమంది యుందురు. ఘంటసాల 1974 ఫిబ్రవరిలో గతించిరి. ఆయన పాడిన భగవద్గీత ఆ తరువాతనే రికార్డుగా వెలువడినది. నేటికిని అది తెలుగు ఊళ్లలో వినబడుచునే యున్నది.

సికింద్రాబాదు పెట్టెకు మరియొక విశేషము కలదు. ఈ నగరము ఇంగ్లీషువారి దండుచుట్టు పెరిగి, 1806లో నిజాము సికందర్‌జా పేరు తాల్చినది. దండువెంట తమిళులు, తరువాత రైలువెంట ఆంగ్లో ఇండియనులు, వర్తకమువెంట పార్సీలు, మార్వాడీలు, గుజరాతీలు చేరిరి. 1966 అక్టోబరు 2వ తేదీన దక్షిణమధ్య రైల్వే ఏర్పడి, దానికి ఈ నగరము ముఖ్యస్థానమైన పిమ్మట కోస్తా జిల్లాలనుండియు ఉద్యోగులు వచ్చిరి. ఆ యిరుగుపొరుగు సహవాసము పెట్టెలలో నేటికిని కనబడును. హరిశ్చంద్రుని పద్యము ప్రక్కన బేగం అఖ్తర్ గజలు. దాని ప్రక్కన 1963లో వచ్చిన ఎం. ఎస్. సుబ్బులక్ష్మి వేంకటేశ్వర సుప్రభాతము. అడుగున మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలోని స్నేహితుడెవరో బదులిచ్చి మరల పుచ్చుకొనని జిమ్ రీవ్స్ ఆంగ్ల గీతములు. (బదులు తెచ్చిన రికార్డు తిరిగి ఈయకపోవుట పుస్తకము ఈయకపోవుటవంటిదే, దానిని దొంగతనమని ఎవరును అనుకొనరు.) ఇట్టి పెట్టెను ఒక్కనాటి ఉదయము వరుసగా విన్నవారికి ఈ నగరచరిత్ర కొంత చెప్పకయే తెలియును.

మరి సెలవుదినమే ఏల? పనిదినమున పాట వంటయింటి చప్పుళ్లలో ఒక చప్పుడు. ఆఫీసునకు పోవువాడు చొక్కా గుండీలు పెట్టుకొనుచు సగము వినును. పాతరకపు రికార్డు అట్టి వినికిని సహింపదు. ఎవరో ఒకరు లేచి యంత్రమునకు కీ త్రిప్పవలెను, ముల్లు మార్చవలెను, పళ్లెము తుడిచి పెట్టవలెను. మూడు నిమిషములు కూర్చుండి వినవలెను. ఆ మూడు నిమిషములలో పళ్లెము 234 మారులు తిరిగి ఆగును. మరల లేవవలెను. ఇంత శ్రమ ఉన్నచోట పాటను ఎవరును ఊరక పెట్టరు, కోరి పెట్టుదురు. “తరువాత ఏది?” అని ఇంటివారు ఒకరినొకరు అడుగుదురు. చేతిఫోనులో నేడు లక్షలకొలది పాటలు దొరకును, అది మేలే. కాని అందు ఒక పాట ముగిసినంతనే మరియొకటి అడుగకయే వచ్చును. వినువాడు కోరుట మానివేయును. అమెరికాలో 2022లో వినైలు రికార్డుల అమ్మకము 1987 తరువాత మొదటిసారిగా సి.డి.ల అమ్మకమును మించినది. కోరి వినవలెనను కోరిక దానికి ఒక కారణమై యుండును. కొని గోడకు తగిలించుకొనువారును వారిలో లేకపోలేదు. వారు మన బీరువాపక్షమునకు దూరపుచుట్టములు.

ఇక బీరువాపక్షమువారి వాదమును న్యాయముగా వినవలెను. అది తేలికైనది కాదు. ఆడించిన ప్రతిసారియు పళ్లెము కొంచెము అరుగును. లక్కపళ్లెమును పిల్లలచేతికిచ్చుట పగులగొట్టుమని ఇచ్చుటయే. రెండవ ప్రపంచయుద్ధమున, 1942లో, అమెరికా ప్రభుత్వము లక్క వాడుకను బాగుగా తగ్గించినది. అప్పుడు క్రొత్త రికార్డులకై పాత రికార్డులను కరగించిరి. అట్లు పోయిన పాటలెన్నియో. ఒక పద్యమునకు లోకమున మిగిలిన పళ్లెము ఇదొక్కటియే యైనచో దానిని విందుకై అరగదీయు హక్కు ఎవరికి కలదు? ఈ ప్రశ్నకు నిజమైన బలమున్నది. అట్టి పళ్లెమును ముందుగా తెలిసినవారిచేత కంప్యూటరులోనికి ప్రతి తీయించి, ఆ తరువాత ఏడాదికి ఒకమారు తప్ప ఆడింపకుండుటయే ఉచితము. కాని పెట్టెలోని వందపళ్లెములలో అట్టివి ఎన్ని యుండును? అవి ఏవో తెలియుటకైనను ఒకసారి వినవలెను గదా! తాళము వేసిన బీరువాలో అరుదైనదియు, అంగట దొరకునదియు ఒకే దుమ్ము క్రింద నుండును.

అంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. దానిని బీరువాపక్షమువారు తలపరు. రికార్డు నడుమనున్న గుండ్రని చీటీమీద పాడినవారి పేరు, పాట మొదలు, ఒక్కొక్కప్పుడు రాగము ఉండును. హార్మోనియము వాయించినది ఎవరో తరచు ఉండదు. పద్యము ఏ రంగములోనిదో, ఆ పాత్రధారి ఊరికి వచ్చినప్పుడు ఏమి జరిగినదో ఏ చీటీయు చెప్పదు. అది వినినవారికే తెలియును. వినినవారు ముసలివారైరి.

దసరా సెలవులలో ఒక యింట ఈ పెట్టె తెరచినారని అనుకొనుడు. ఒక పళ్లెముమీది చీటీని ఎలుక కొరికినది. పిల్లవాడు దానిని ఆడించును. మొదట వాన కురిసినట్లు గరగరమని చప్పుడు. తరువాత హార్మోనియము. ఆ వెనుక ఒక గొంతు లేచును. మూలకుర్చీలో కునుకుచున్న అమ్మమ్మ కన్నులు తెరచును.

“ఎవరమ్మమ్మా ఇది? పేరు చిరిగిపోయినది.”

“పేరెందుకురా? ఎత్తుగడలోనే తెలిసినది. మా నాయనగారు ఈ నాటకము చూచుటకు బండి కట్టించుకొని పోయినారు. తెల్లవారి ఇంటికి వచ్చి, పాలు పిదుకుచు ఇదే పద్యము పాడినారు. ఆవు తన్నినది.”

అందరును నవ్వుదురు. పిల్లవాడు కాగితపు సంచిమీద పెన్సిలుతో గాయకుని పేరు వ్రాయును. అది ఆటవలె కనబడును గాని, ఆ క్షణమున ఒక విద్వాంసుడు చేయదగిన పని జరిగినది. మరి రెండేండ్లు ఆగి తెరచియుండినచో ఆ పేరు చెప్పువారుండకపోవచ్చును. పళ్లెము నూరేండ్లు నిలుచును. దానిని గుర్తుపట్టు చెవి అంతకాలము నిలువదు. మొదట కాపాడవలసినది దేనినో దీనివలననే తెలియుచున్నది.

పెద్ద సేకర్తలు ఈ మర్మమును ఎరిగినవారే. చెన్నపట్టణమున వి. ఎ. కె. రంగారావు వేలకొలది 78 రకపు పళ్లెములను కూర్చినారు. కూర్చుటతో ఊరకొనక, విని, పోల్చి, పాతపాటలను గూర్చి తెలుగులోను ఇంగ్లీషులోను వ్రాసినారు. ఎవరు పాడిరి, ఎవరు కూర్చిరి అను వివాదములలో ఆయన మాట ప్రమాణమైనది. బొంబాయిలో 1990లో రికార్డుల సేకర్తలు ఒక సంఘముగా ఏర్పడిరి. పళ్లెములను ఒకరికొకరు వినిపించుకొనుట ఆ సంఘపు పనులలో ఒకటి. అన్ని పళ్లెములున్నవారే దాచుకొనక వినిపించినప్పుడు, అరువది పళ్లెముల పెట్టెకు అంత పెద్ద తాళము దేనికి?

ఆడించువారు కొంత తెలిసికొని ఆడింపవలెను. లక్కపళ్లెమును స్పిరిటుతో తుడువరాదు; స్పిరిటునకు లక్క కరగును. మెత్తని పొడిగుడ్డ చాలును. లక్కపళ్లెపు గాడి వెడల్పు, వినైలు గాడి సన్నము. ఒకదాని ముల్లుతో మరియొకదానిని ఆడించుట రెంటికిని చెరుపు. పళ్లెములను ఒకదానిపై నొకటి పేర్చక పుస్తకములవలె నిలువుగా పెట్టవలెను. సికింద్రాబాదు వేసవిలో రేకుల కప్పు క్రింద నుంచిన వినైలు రికార్డు అప్పడమువలె అలలు తేలును. ఇవి కష్టమైన నియమములు కావు. పిల్లలకు ఒకసారి చెప్పినచో పెద్దలకంటె బాగుగా పాటింతురు.

పంపకముల మాట మిగిలినది. నాటకపు రికార్డులు ఒక్కటొక్కటిగా కాక సెట్లుగా వచ్చెడివి. కథ ఒక పళ్లెమునుండి మరియొక పళ్లెమునకు సాగును. అన్నదమ్ములు ఆస్తి పంచుకొనునప్పుడు న్యాయమునకై వానిని చెరిసగము పంచుకొనుట కొన్ని యిండ్లలో జరిగినది. అప్పుడు హరిశ్చంద్రుడు సికింద్రాబాదులోని అన్నగారింట రాజ్యము దానము చేయును. కాటికాపరి యగుటకు మాత్రము డల్లాసులోని తమ్ముని యింటికి పోవలెను. అన్నగారి పిల్లలకు కథ ఎట్లు ముగిసినదో వినబడదు. తమ్ముని పిల్లలకు ఆ రాజు కాటికి ఏల వచ్చెనో తెలియదు. తమ్ముడు సంక్రాంతి సెలవులకు వచ్చునప్పుడు ఆ ఆరు పళ్లెములను బట్టలనడుమ జాగ్రత్తగా సర్ది చేతిసంచిలో తెచ్చుకొనవలెను. విమానపు సరకుల అరలో వేయరాదు.